పరిశోధకుల నిత్యకృత్యాలు - కృత్రిమ మేధ ఏజెంట్లు: అప్పగింతకు హద్దులు

వ్యాససంగ్రహం:
కృత్రిమ మేధ ఏజెంట్లు ప్రశ్నకు జవాబివ్వడంతో ఆగవు. ఫైళ్లు తెరవడం, సమాచారం వెదకడం, పట్టికలు నింపడం, ఈ-మెయిళ్లు పంపడం వంటి పనులను స్వయంగా చేస్తాయి. తెలుగు పరిశోధకులు, అధ్యాపకులు తమ రోజువారీ పనులలో వీటిని ఎంతవరకు నమ్మవచ్చో గ్రంథసూచి నిర్మాణాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. చేయడం కంటె సరిచూడడం తేలికగా ఉన్న పనులనే వీటికి అప్పగించాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: కృత్రిమ మేధ, ఏజెంటు, భాషానమూనా, గ్రంథసూచి, పాఠపరిష్కరణ, ప్రాంప్ట్ ఇంజెక్షన్.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పరిశోధనలో పనిని ఇతరులకు అప్పగించడం కొత్త విషయం కాదు. సి.పి. బ్రౌన్ కడపలో సొంత ధనంతో పండితులను, లేఖకులను నియమించి, వ్రాతప్రతులను సరిపోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. రెండు ప్రతుల మధ్య పాఠభేదం కనిపించినచోట దానిని భేదంగా గుర్తించగల పాండిత్యం ఆ సహాయకులకు ఉండేది. నేడు అటువంటి సహాయక కార్యాలకు యంత్రాన్ని నియోగించే వీలు కలిగింది. హాజరు పట్టికలు, న్యాక్ నివేదికలకు ఆధారాల కూర్పు, సదస్సు పత్రసమర్పకులకు జవాబులు, ఒక్కో పత్రిక కోరిన రీతిలోకి ఆధారగ్రంథాల పట్టికను మార్చడం వంటి పనులు అధ్యాపకుల సమయాన్ని ఎంతగా హరిస్తున్నాయో తెలియనిది కాదు. కాబట్టి ఏజెంట్లపై ఆసక్తి సహజమే. అయితే అన్ని పనులూ ఒక్క స్వభావం గలవి కావు.

2. ఏజెంటు పనిచేసే విధానం:
ఎక్సెల్‌లో మాక్రో రాసినప్పుడు యంత్రం ముందుగా నిర్ణయించిన అడుగులనే ప్రతిసారీ వేస్తుంది. ఏజెంటు అలా కాదు. దానికి గమ్యం మాత్రమే చెబుతారు. భాషానమూనా ఆ గమ్యానికి తగిన మొదటి అడుగును నిర్ణయించి, వెదుకులాట యంత్రాన్నో, ఫైలునో, ఈ-మెయిలునో ఉపకరణంగా వాడి, వచ్చిన ఫలితాన్ని చదివి, దానినిబట్టి తరువాతి అడుగు వేస్తుంది. పని పూర్తయిందని తానే తలచేవరకు ఈ ఆవృత్తి సాగుతుంది. ఆలోచనను, చర్యను ఇలా ఒకదాని వెంట ఒకటి నడిపించే పద్ధతిని 2022లో వెలువడిన 'రియాక్ట్' పరిశోధనపత్రం ప్రాచుర్యంలోకి తెచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ బయటి ఉపకరణాలను నమూనాలకు జోడించడానికి ఒక ఉమ్మడి పద్ధతిని అందించింది. 2025 జనవరిలో ఓపెన్ఏఐ విడుదల చేసిన ఆపరేటర్ బ్రౌజరు తెరను చూస్తూ మనిషి వలెనే బటన్లు నొక్కి పనిచేసేది.

ఈ ఆవృత్తిలోనే బలమూ, బలహీనతా ఉన్నాయి. ఒక్కో అడుగు సరిగా పడే అవకాశం 95 శాతం అనుకుందాం. అడుగులు పరస్పరం స్వతంత్రమైనవైతే, 20 అడుగుల పని మొత్తం తప్పు లేకుండా ముగిసే అవకాశం సుమారు 36 శాతం మాత్రమే. ప్రతి అడుగులో 99 శాతం కచ్చితత్వం సాధించినా అది 82 శాతం వద్ద ఆగుతుంది. ఏజెంటు కొన్ని తప్పులను తానే గుర్తించి దిద్దుకోగలదు గనుక వాస్తవస్థితి ఇంతకంటె మెరుగ్గా ఉండవచ్చు. కాని దిద్దుకోవాలంటే తప్పు తప్పుగా కనిపించాలి. తెలుగు సాహిత్య సమాచారంలో చిక్కు అక్కడే ఉంది.

3. గ్రంథసూచి నిర్మాణం - ఒక పరిశీలన:
తెలుగు నాటకాల తొలి ముద్రణ సంవత్సరాలతో రెండువందల వరుసల పట్టిక తయారుచేయమని ఏజెంటును కోరినట్లు భావిద్దాం. 'కన్యాశుల్కం' దగ్గర దానికి మూడు సంవత్సరాలు ఎదురవుతాయి. 1892లో నాటకం ప్రదర్శితమైంది, 1897లో తొలికూర్పు అచ్చయింది, 1909లో మలికూర్పు వెలువడింది. ఈ రెండు కూర్పుల మధ్య ఉన్నది పునర్ముద్రణ సంబంధం కాదు. మలికూర్పు దాదాపు కొత్త నాటకమే. నేడు విరివిగా దొరికే పాఠం దానిదే కాబట్టి ఏజెంటు 1909ని తొలి ముద్రణ గడిలో నింపే ప్రమాదముంది. నింపిన తరువాత ఆ వరుస కూడా తక్కిన వరుసల వలెనే నిండుగా, నిస్సందేహంగా కనిపిస్తుంది. గురజాడ విషయం గనుక తెలుగు పరిశోధకులు ఈ దోషాన్ని వెంటనే పట్టుకోగలరు. అంతగా ప్రసిద్ధులు కాని నాటకకర్తల వరుసలలో పట్టుకునేదెవరు?

వ్యక్తినామాలది మరొక సమస్య. సింగిరెడ్డి నారాయణరెడ్డి, సి. నారాయణరెడ్డి, సినారె ఒక్కరే. రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి ఒక్కరే. ఇంగ్లీషు లిపిలో గురజాడ ఇంటిపేరును జె అక్షరంతోనూ, జెడ్ అక్షరంతోనూ రాసిన గ్రంథాలయ సూచికలున్నాయి. ఏజెంటు ఒకే రచయితను ఇద్దరుగా విడదీయవచ్చు, లేదా పొడి అక్షరాలు కలిసిన ఇద్దరిని ఒక్కరుగా కలిపివేయవచ్చు. రెండవ దోషం మొదటిదానికంటె ప్రమాదకరం. విడిపోయిన వరుసలు పక్కపక్కన కనిపిస్తాయి, కలిసిపోయినవి కనిపించవు.

పాత ముద్రణల స్కాన్ ప్రతులనుండి పాఠాన్ని తీసే పనిలో ఇదే సూత్రం మరింత తీవ్రంగా వర్తిస్తుంది. అరసున్నలు, బండి ఱకారాలు, మసకబారిన ఒత్తులు గల పుటను పాతతరం అక్షరగుర్తింపు సాధనం చదివితే అర్థంలేని అక్షరాలు వస్తాయి. చదువరి అక్కడ ఆగి మూలం చూస్తాడు. భాషానమూనా చదివినప్పుడు అలా ఆగవలసిన అవసరం కలగకపోవచ్చు. అది తెలియని పదం స్థానంలో సందర్భానికి నప్పే పదాన్ని ఉంచగలదు, ప్రాచీన వర్ణక్రమాన్ని ఆధునికంగా మార్చగలదు, అరసున్నను విడిచిపెట్టగలదు. వాక్యం సాఫీగా నడుస్తుంది. పాఠపరిష్కరణ చేసేవారికి వికృతపాఠంకంటె ఈ సాఫీ పాఠమే ఎక్కువ హాని చేస్తుంది.

4. దారిలో ఎదురయ్యే ఆదేశాలు:
భాషానమూనాకు యజమాని ఇచ్చిన ఆదేశమూ, పనిలో భాగంగా అది చదివే పత్రమూ అంతిమంగా ఒకే పదప్రవాహంగా చేరుతాయి. ఈ రెండింటినీ కచ్చితంగా వేరుచేయడం ఇంకా పూర్తిగా పరిష్కారం కాని సమస్య. పత్రంలో ఎవరో ఉంచిన వాక్యాన్ని ఏజెంటు ఆదేశంగా స్వీకరించడాన్ని పరోక్ష ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. ఇది పరిశోధనలోకానికి దూరపు విషయం కాదు. 14 విద్యా, పరిశోధన సంస్థలకు చెందిన 17 పత్రముసాయిదాలలో, సమీక్షకు కృత్రిమ మేధను వాడేవారిని దృష్టిలో ఉంచుకొని, మంచి అభిప్రాయమే ఇమ్మనే ఆదేశాలు తెల్లరంగు అక్షరాలలోనో, అతిచిన్న అక్షరాలలోనో దాగి ఉన్నాయని 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కీ వెల్లడించింది. సమీక్షను యంత్రానికి వదిలినవారి తప్పు ఎంతో, అక్షరాలు దాచినవారి తప్పు ఎంతో అన్న చర్చ అలా ఉంచితే, ఈ-మెయిలు పెట్టెను చదివి జవాబులు పంపే అధికారం గల ఏజెంటుకు ఇటువంటి వాక్యం ఎదురైతే జరిగే నష్టం ఒక సమీక్షతో పోదు.

5. అనుమతులు - పరిశీలన:
అందువల్ల చదివే అనుమతిని, మార్చే అనుమతిని వేరుగా చూడాలి. సదస్సు ఉత్తరాలకు ముసాయిదాలు రాయించవచ్చు, పంపే బటను మాత్రం మనిషే నొక్కాలి. ఫైళ్ల పేర్లు మార్పించే ముందు నకలు తీసి, ఆ నకలుపైనే పని చేయించాలి. ఇంటర్నల్ మార్కుల పోర్టల్ సంకేతపదాన్ని ఏజెంటుకు ఇవ్వరాదు. విద్యార్థుల మార్కులు, ఫోను నంబర్లు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 నిర్వచించిన వ్యక్తిగత డేటా కిందికి వస్తాయన్నది కూడా గుర్తుంచుకోదగినది.

పరిశీలన విషయంలో లిసాన్ బేన్‌బ్రిడ్జ్ 1983లో ప్రచురించిన 'ఐరనీస్ ఆఫ్ ఆటొమేషన్' వ్యాసం ఇప్పటికీ చదవదగినది. కర్మాగారాల నియంత్రణగదులను ఉద్దేశించి రాసిన ఆ వ్యాసం, పనిని యంత్రానికి వదిలినకొద్దీ యంత్రాన్ని సరిదిద్దే నైపుణ్యం మనిషిలో తగ్గుతుందని వివరించింది. పీహెచ్.డి. తొలి సంవత్సరంలో కార్డులు రాసుకుంటూ గ్రంథసూచి తయారుచేసుకున్నవారికి ఏ ముద్రణ ఏ గ్రంథాలయంలో ఉందో, ఏ సంవత్సరం అనుమానాస్పదమో ఆ శ్రమలోనే తెలిసేది. అది గుమాస్తా పనిలా కనిపించే శిక్షణ. ఆధార పట్టికను ఒక శైలినుండి మరొక శైలికి మార్చడంలో అటువంటి శిక్షణ ఏమీ లేదు. దానిని నిరభ్యంతరంగా అప్పగించవచ్చు.

గ్రంథసూచిని ఏజెంటుతోనే తయారుచేయించదలచినవారు ప్రతి సంవత్సరం పక్కన అది కనిపించిన పుట సంఖ్యను, ఆ పుటలోని వాక్యాన్ని యథాతథంగా నమోదు చేయమని ఆదేశించాలి. ఆధారం దొరకనిచోట గడిని ఖాళీగా విడవమని, రెండు ఆధారాలు విభేదిస్తే రెండింటినీ ఉంచమని చెప్పాలి. సరిచూసేటప్పుడు మొదట నమోదైన వాక్యాన్ని మూలంలో వెదకి చూడాలి, ఎందుకంటే ఆ వాక్యం కూడా కల్పితం కావచ్చు. ఖాళీ గడులు, రెండేసి సంవత్సరాలున్న గడులు గ్రంథాలయానికి స్వయంగా వెళ్లి చూడవలసినవి.