మార్పు గోరంత, డౌన్‌లోడ్ కొండంత

యాప్‌లో ఒక్క బటన్ సరిచేశారు. దానికోసం యాప్ మొత్తం మళ్లీ దించుకోమంటే, సిగ్నల్ కోసం డాబా ఎక్కే ఊళ్లో ఆ రోజు డేటా దానికే సరి. పాతది మన దగ్గరే ఉంది కదా, తేడా ఒక్కటీ పంపితే పోదా?

పంపొచ్చు. "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా పాతదే వాడుకో, ఈ ముక్క కొత్తగా చేర్చు" అని రాసిన చీటీ లాంటిదే ప్యాచ్. కాలిన్ పెర్సివల్ రాసిన బీఎస్‌డిఫ్ అనే ప్రోగ్రాం ఇలాంటి చీటీలు రాయడంలో దిట్ట.

అయితే ప్రోగ్రాంలో ఒకచోట నాలుగు బైట్లు చేరితే, ఆ తర్వాతవన్నీ ముందుకు జరుగుతాయి. వీధి మధ్యలో కొత్త ఇల్లు లేచి, అక్కణ్నుంచి డోర్ నంబర్లన్నీ మార్చినట్టన్నమాట. ఇళ్లు అవే, మనుషులూ వాళ్లే. కానీ ఆ వీధి చిరునామాలున్న ప్రతి పుస్తకంలోనూ దిద్దుబాట్లే. చీటీ కాస్తా చేంతాడవుతుంది. 2009లో గూగుల్ క్రోమ్ బృందం కోర్జెట్ అనే ఉపాయంతో దీన్ని దాటింది. పోల్చే ముందు నంబర్లు తీసేసి 'ఫలానా వారిల్లు' అని పేర్లు పెడుతుంది, పని అయ్యాక నంబర్లు తిరిగి వేస్తుంది. ఒక అప్‌డేట్‌కి వాళ్లు చూపిన లెక్క: మొత్తం ఫైలు 1,03,85,920 బైట్లు, బీఎస్‌డిఫ్‌తో 7,04,512, కోర్జెట్‌తో 78,848!

ఆండ్రాయిడ్ యాప్‌తో పేచీ వేరు. అది కుదించి కట్టిన మూట. లోపల కాస్త మారినా, కుదించిన రూపం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అందుకే 2016 డిసెంబరులో గూగుల్ ప్లే, మూట విప్పి తేడా తీసే పద్ధతి తెచ్చింది. సగటున 65 శాతం ఆదా అని ప్రకటించింది. ఫోన్ మాత్రం ఒక్క బైటు కూడా తేడా రాకుండా మూట మళ్లీ కట్టాలి, లేకపోతే డిజిటల్ సంతకం సరిపోదు. ఆ శ్రమకి సమయం పడుతుంది కాబట్టి, మొదట్లో దీన్ని ఆటోమేటిక్ అప్‌డేట్లకే వాడారు.

ఈ బేరం అందరికీ గిట్టుబాటు కాదు. ఫెడోరా లినక్స్ ఏళ్ల తరబడి నడిపిన డెల్టా ఆర్‌పీఎంలను, అంటే తేడా ఒక్కటే పంపే ప్యాకేజీలను, 2024లో, 40వ విడుదలతో వదిలేసింది. ఆదా అంతంతమాత్రం, కూర్పు కుదరకపోతే ప్యాకేజీ మొత్తం మళ్లీ దించాలి. వాళ్లను తప్పుపట్టలేను గానీ, నెమ్మది లైను మీద ఉన్నవాళ్లకు ఆ కాస్త ఆదా కూడా పెద్దదే.

డెబియన్, ఉబుంటు లినక్స్ నడిచే కంప్యూటర్లు పది ఒకే గదిలో ఉంటే ఇంత గణితం అక్కర్లేదు. ఒకదాంట్లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాం పెట్టి, మిగతావాటికి దారి దాని మీదుగా చూపిస్తే చాలు. ప్యాకేజీ బయటినుంచి ఒక్కసారే వస్తుంది, మిగతా తొమ్మిదీ గదిలోనే తెచ్చుకుంటాయి.