కనిపించే ఫైలు బ్యాకప్‌లో ఎందుకు దొరకదు?

కంప్యూటర్‌లో ప్రాజెక్టు ఫైలు కనిపిస్తోంది. రోజూ దానంతటదే బ్యాకప్ కూడా అవుతోంది. అయినా ఒక్కోసారి ఆ ఫైలు బ్యాకప్‌లో ఉండదు. ఎందుకు?

సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అద్దం లాంటిది. ఫోన్‌లో ఫైలు చెరిపేస్తే కంప్యూటర్‌లోనూ పోతుంది. బ్యాకప్ పాత ప్రతులను కూడా దాస్తుంది. మ్యాక్‌లోని టైమ్ మెషిన్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకుముందు వాటికి వారానికొకటి చొప్పున ఉంచుతుంది.

చిక్కంతా ఇక్కడే. డిస్కు నిండిపోకుండా ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ వంటి సింక్ సేవలు మనం తెరవని ఫైళ్లను క్లౌడ్‌లోనే ఉంచి, కంప్యూటర్‌లో పేరు, బొమ్మ మాత్రం చూపించగలవు. బ్యాకప్ ప్రోగ్రామ్ చూసేది డిస్కునే. అక్కడ లేని సరుకును అదెలా కాపీ చేస్తుంది? కొన్ని ప్రోగ్రాములు మరీ చాదస్తంగా ప్రతి ఫైలునూ తెరవబోతాయి. దాంతో అన్నీ డౌన్‌లోడై, ఖాళీగా ఉన్న డిస్కు కాస్తా నిండుతుంది. ఇక ఇంటర్నెట్ ప్యాక్ సంగతి చెప్పక్కర్లేదు!

వన్‌డ్రైవ్‌లో అయితే ముఖ్యమైన ఫోల్డరుపై రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి. మేఘం గుర్తు పోయి ఆకుపచ్చ వృత్తంలో తెల్లని టిక్ వస్తే, ఫైలు నిజంగా డిస్కులోకి దిగినట్టే.