చెరువునకు రెండు దారులు



నేడు నేను చెప్పదలచినది చెరువునుండి నీరు వెలువడు రెండు దారులను గూర్చి. మొదటిది తూము. మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో దీనిని మదుమనియు నందురు. రెండవది కలుజు, కొందరు అలుగందురు. తూము పొలమునకు నీరిచ్చునది గనుక దానియందు రైతున కెల్లప్పుడును శ్రద్ధయే. మిగులునీటిని సాగనంపు కలుజునకు ఏడాదిలో కొద్దిదినములే పని. తక్కిన దినములలో దాని నెవరును తలపరు. అయినను తుఫాను రాత్రి గట్టును కాపాడవలసినది కలుజే.

పట్టణపు ఇండ్లలో ముఖము కడుగుకొను పింగాణి తొట్టిని మీరు చూచియే యుందురు. అడుగున బిరడా గల రంధ్ర మొకటి, అంచునకు కొంచెము దిగువగా చిన్న రంధ్రము మరియొకటి యుండును. బిరడా బిగించి కుళాయి కట్టుట మరచినను, నీరు నేలపై పొర్లక ఆ పైరంధ్రమున దిగిపోవును. కాని ఆ పైదారియు లోలోపల పోయి బిరడాకు దిగువనున్న గొట్టములోనే కలియును. ఆ గొట్టము పూడెనా, రెండు దారులును ఒక్కమారే మూతపడును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు; దీనితో మరల పని కలదు.

వరద వచ్చినప్పుడు “మదుము లెత్తుడు” అని కేకలు వేయుదురు. ఎత్తుట మంచిదే గాని, దానివలననే చెరువు నిలుచునని నమ్మరాదు. చదరపుటడుగు రంధ్రముగల తూముపై తొమ్మిదడుగుల నీరున్నను, సెకనునకు సుమారు 14 ఘనపుటడుగుల నీరే పోవును. దానిపై నీరు నాలుగింతలైనగాని ఆ ప్రవాహము రెండింతలు కాదు. కలుజు నడక వేరు. 30 అడుగుల పొడవుగల కలుజుపై అడుగులోతున నీరు పొర్లునప్పుడు సెకనునకు సుమారు 90 ఘనపుటడుగులు పోవును. లోతు రెండడుగులైనచో 180 పోవునని మన మనుకొందుము. నిజమునకు 250కి పైగా పోవును. లోతు పెరిగినకొలది నీటి వేగమును పెరుగుటయే యిందుకు కారణము.

ఇక ఇసుకబస్తాల మాట. పాత కలుజులపై వరుసగా నిలువురాళ్లు పాతియుండుట మీలో కొందరెరుగుదురు. వానల కాలము ముగియువేళ ఆ రాళ్లనడుమ పలకలు దించి, మట్టి కూరి, కొంత నీటిని అదనముగా నిలిపెడివారు. అది తెలివిగల యేర్పాటే. అయితే వరదభయము తీరిన పిమ్మట వేయుట, మరల వరద రాకమునుపే తీయుట అను నియమముపై అది నడచెడిది. మన తీరమున ఆ భయ మెన్నడు తీరును? హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నమువద్ద తీరము దాటెను. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున దాటెను. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నమునకు ఉత్తరమున దాటెను. ఈ దినములకు నైఋతి వానలతో చెరువులు నిండియుండును. వరియు పొట్టదశలో నుండును. ఒక్క తడి తప్పినను గింజ తాలగును గనుక బస్తా వేయు రైతును నేను నిందింపను. కాని లెక్క చూడవలయును.

మన కలుజుపై రెండడుగుల లోతున పోవలసిన వరద వచ్చినదనుకొందము. దానిపై అడుగెత్తు బస్తాలున్నచో, చెరువుమట్టము అంతే యున్నను పైన పొర్లునది అడుగు నీరే. అనగా మూడింట ఒకవంతే బయటపడును. తక్కిన రెండువంతులు గట్టు శిఖరమునకై యెగబ్రాకును. మట్టిగట్టుపై వ్రేలెడు నీరు పొర్లినను చాలు, వెనుకవాలు కోసికొనిపోయి గండి పడును. పైచెరువు తెగినచో దాని నీరంతయు క్రింది చెరువుమీద పడును. ఆ యూరివారు బస్తా లేమియు వేయకున్నను వారికి రక్షణ లేదు.

ఇప్పుడు పింగాణితొట్టి మాటకు వత్తము. కలుజు దాటిన నీరు మిగులుకాలువవెంట గెడ్డకు చేరవలయును. ఆ కాలువను కొందరు దమ్ముచేసి నాట్లు వేయుదురు. కొందరు పశువులశాల కట్టుదురు. బాట వేయువారు వెడల్పైన కాలువకు అడ్డముగా రెండు సన్నని గొట్టములు పెట్టి పోవుదురు. వేసవిలో చూచువారికి ఇందేమియు దోషము కానరాదు. వరదలో నీరు వెనుకకు తన్ని కలుజుమట్టమున కెక్కును. అప్పుడు కలుజు ఎంత పొడవున్నను లేనట్లే.

మీ సాయము కావలసినది ఇచ్చటనే. కాలువను కలుపుకొన్నవాడు పరాయివాడు కాడు. మన యన్నదమ్ములలోనివాడో, వియ్యంకుడో యగును. పూర్వము జమీందారీలలో దివాణపు ఉద్యోగుల మీద భారము వేయుటకు వీలుండెడిది. 1948 నాటి చట్టముతో జమీందారీలు పోయినవి. 1997 నాటి చట్టము చెరువుల నిర్వహణలో రైతుల సంఘములకే పాలు కల్పించినది. అధికారి నోటీసు ఇయ్యవచ్చును గాని, రచ్చబండపై మొగమాటము విడిచి మాటాడవలసినవారు మీరే.

మృగశిరకార్తెకు ముందే ఒక ప్రొద్దున పదిమంది కూడి కలుజునుండి గెడ్డవరకు నడువుడు. గ్రామపటములో కాలువ వెడల్పెంతో చూచి నేలపై కొలువుడు. బస్తాలు వేయక తప్పదన్నచో, తుఫాను హెచ్చరిక విన్నంతనే వానిని తీయుట కిద్దరిని ముందుగానే నియమించి, పారలును, లాంతరును వారి యింటనే యుంచుడు. నీరు బస్తాలపై పొర్ల నారంభించిన పిదప చీకటిలో కలుజుపై నిలిచి తీయుట ప్రాణాపాయకరము.