ఇంటికి వచ్చిన ప్రాణవాయువు

మండవల్లి ప్రాంతమున చేపల చెరువు పెట్టిన రైతునకు ప్రాణవాయువు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మబ్బు పట్టిన రాత్రి గడచి తెల్లవారుచుండగా చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచినచో, నీటిలో ఆమ్లజని తరిగినదని అతడు వెంటనే గ్రహించును, ఏరియేటరు త్రిప్పును. కాని ఏండ్ల తరబడి కట్టెల పొయ్యి ఊది ఊపిరితిత్తులు చెడిన తల్లి ఆ యింటనే మంచముపై కూర్చుండి ఎగశ్వాస విడుచుచున్ననాడు అతడేమి చేయవలెను?

2021 వేసవిలో ఈ ప్రశ్న దేశమంతటను వినవచ్చినది. ఆ ఏప్రిల్ 22వ తేదీన ద్రవరూపమైన ఆమ్లజని నింపిన ట్యాంకర్లతో తొలి ‘ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్’ విశాఖపట్నము నుండి మహారాష్ట్రకు బయలుదేరినది. కాన్సన్‌ట్రేటరు అను యంత్రము పేరు పల్లెలకు పరిచయమైనదియు ఆ దినములలోనే.

ఈ యంత్రము ఆమ్లజనిని సృష్టింపదు. ఏరి ఇచ్చును, అంతే. గాలిలో నూటికి 21 పాళ్ళు ఆమ్లజని, 78 పాళ్ళు నత్రజని. యంత్రము గాలిని ఒత్తి, జియోలైటు రేణువులు నింపిన గొట్టములోనికి పంపును. ఒత్తిడిలో నత్రజని ఆ రేణువులను అంటుకొని నిలిచిపోవును; ఆమ్లజని ముందునకు సాగును. ఒత్తిడి తగ్గగనే చిక్కిన నత్రజని విడివడి వెలికి పోవును. ఇట్టి గొట్టములు రెండు. ఒకటి పట్టునప్పుడు రెండవది విడుచును. యంత్రము వంతులవారీగా బుసకొట్టుట అందువలననే. తుదకు రోగి ముక్కునకు చేరు వాయువులో నూటికి సుమారు 90 పాళ్ళు ఆమ్లజనియే. 1756లో స్వీడను దేశీయుడైన క్రాన్‌స్టెడ్ ఒక రాతిని కాల్చగా ఆవిరి పొంగెనట. అందుచే దానికి ‘మరుగు రాయి’ అను అర్థమిచ్చు గ్రీకు పేరు పెట్టెను. అదియే జియోలైటు.

యంత్రమును గోడకు జానెడు ఎడముగా, గాలి ఆడు చోట నిలుపవలెను, వంటయింటిలో కూడదు. తేమ సీసాలో శుద్ధిచేసిన డిస్టిల్డ్ వాటరే పోయవలెను. కొలత గొట్టములోని గుండు నడిమి భాగము వైద్యుడు చెప్పిన గీతకు సరిగా నిలువవలెను. ఇచటనే పొరపాటు జరుగును. ఆయాసము హెచ్చినదని ఇంటివారు మీట త్రిప్పి ధార పెంచుదురు. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు గల కొందరికి వ్రేలి మీటరులో 88 మొదలు 92 వరకు చూపిన చాలును. అంతకు మించిన వారి రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తు క్రమ్మవచ్చును. నిద్ర పట్టినదని ఇంటివారు సంతోషింతురు! ఆమ్లజని మందు, మోతాదు వైద్యునిది. ఎల్లప్పుడు అవసరమైన రోగులకు దినమునకు కనీసము 15 గంటలు పెట్టవలసియుండును.

ఆమ్లజని తాను మండదు, మండుదానిని రెచ్చగొట్టును. అది నిండిన గదిలో చీర చెరగునకు నిప్పురవ్వ తగిలినను మంట క్షణములో లేచును. కావున దేవుని దీపమును, అగరువత్తిని, తాతగారి చుట్టను వేరొక గదికి మార్చవలెను. ముక్కు ఒరిసినచో వాసెలిను రాయరాదు. సిలిండరు మూతిని నూనె చేతితో తాకరాదు.

ఇక కరెంటు. 5 లీటర్ల యంత్రము సుమారు 350 వాట్లు వాడును. 15 గంటలకు 5 యూనిట్లు దాటును. బిల్లు భారమే, కాని భయము అది కాదు. తుపానునకు తీగలు తెగిన రాత్రి యంత్రము మూగపోవును. అందులకు సిలిండరు సిద్ధముగా నుండవలెను. విద్యార్థులు లెక్క వేయవచ్చును: 1500 లీటర్ల సిలిండరు నిమిషమునకు 2 లీటర్ల చొప్పున 750 నిమిషములు, అనగా పండ్రెండున్నర గంటలు వచ్చును. కొల్లేటి పల్లెలలో గాలివాన తరువాత కరెంటు ఒక్కొక్కప్పుడు అంతకన్న ఆలస్యముగా వచ్చును. కావున సిలిండరు తెరచిన గడియను గోడపై వ్రాసికొని, సగము కాలము గడచులోపుననే రెండవ సిలిండరునకో, ఆసుపత్రి బండికో కబురు పంపవలెను.