వ్యవసాయ సమాచారం రైతు వెదికినపుడు కనబడేందుకు వెబ్‌సైట్ ప్రచురణ సాఫ్ట్‌వేర్ తోడ్పాటు

వరి దుబ్బుల మొదళ్ల వద్ద సుడిదోమను గమనించిన రైతు ఫోనులో 'దోమపోటు' అని వెదకవచ్చు. విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో అదే సమస్యకు పరిష్కారం 'వరిలో సమగ్ర సస్యరక్షణ' అనే శీర్షిక కింద పీడీఎఫ్ రూపంలో ఉండవచ్చు. ఆ పీడీఎఫ్ యూనికోడ్ కాని పాత ఫాంటుతో కూర్చినదైతే పరిస్థితి మరింత క్లిష్టం. తెరపై తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉండేవి వేరే సంకేతాలు కావడంతో, సెర్చ్ ఇంజన్‌కు అందులో ఆ మాట దొరకదు. మడిలో నీటిని తీసివేసి ఆరబెట్టాలన్న సిఫారసు ప్రచురితమై ఉండి కూడా, అవసరమైన రోజున రైతుకు చేరదు.

2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్, అంతకు రెండేళ్ల ముందే వచ్చిన డ్రూపల్ వంటి ప్రచురణ సాఫ్ట్‌వేర్లు ఈ లోటును చాలావరకు పూరించగలవు. వీటిలో వ్యాసాన్ని నేరుగా యూనికోడ్ తెలుగులో పేజీగా ప్రచురించవచ్చు. సైట్‌లోని పేజీల చిరునామాల పట్టికను, అంటే సైట్‌మ్యాప్‌ను, వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి తానే తయారుచేస్తోంది. డ్రూపల్‌లో ఇందుకు అదనపు మాడ్యూల్‌ను చేర్చుకోవాలి.

తెలుగులో ప్రచురించేవారు ప్రత్యేకంగా గమనించవలసినది పేజీ చిరునామా. వర్డ్‌ప్రెస్ దీనిని శీర్షిక నుంచే రూపొందిస్తుంది. అందులో ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది స్థానాలను ఆక్రమిస్తుంది. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. కేటాయించిన స్థలం 200 స్థానాలు మాత్రమే కనుక, సుమారు 22 సంకేతాల తరువాత చిరునామా తెగిపోతుంది. 'వరిలో సుడిదోమ ఉధృతి, సమగ్ర యాజమాన్య పద్ధతులు' అన్న శీర్షిక పూర్తిగా నిలవదు. చిరునామాను 'వరి-దోమపోటు' అని చేతితో కుదించి ఇవ్వడం మేలు. శీర్షికను కుదించనవసరం లేదు; అందులో శాస్త్రవేత్త వాడే పేరుతోపాటు రైతు పలికే పేరూ ఉండాలి. ఆ పేరేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, పొలాలు తిరిగిన విస్తరణ శాస్త్రవేత్తకు తెలుస్తుంది.

చిత్రానికి ఇచ్చే ప్రత్యామ్నాయ వివరణ గడిని చాలామంది ఖాళీగా వదిలివేస్తారు. 'వరి దుబ్బు మొదట్లో సుడిదోమ పిల్లపురుగులు' అని రాస్తే చిత్రాల అన్వేషణలోనూ పేజీ కనబడే అవకాశం పెరుగుతుంది. కీలకపదాల ట్యాగ్‌ను నింపే శ్రమ మాత్రం వృథా. ర్యాంకింగ్‌లో దానిని పరిగణించడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ప్లగిన్లు చూపే ఆకుపచ్చ గుర్తులు కూడా సూచనలే తప్ప సెర్చ్ ఇంజన్ వేసే మార్కులు కావు. ఇక సైట్ నిర్మాణ దశలో 'సెర్చ్ ఇంజన్లు రావద్దు' అన్న గడిలో పెట్టిన టిక్కును ప్రారంభోత్సవం తరువాత తీయడం మరచిపోతే, ఈ ఏర్పాట్లన్నీ నిష్ఫలమే.

ఏటా ఖరీఫ్‌కు ఒకే అంశంపై కొత్త పేజీ తెరిచే అలవాటు హానికరం. పాత పేజీ ముందుగా కనబడి, సిఫారసు నుంచి తొలగించిన మందునే రైతు కొనే ప్రమాదముంది. ఒకే చిరునామాలో విషయాన్ని సవరించి, సవరించిన తేదీని స్పష్టంగా చూపాలి. చిరునామా మార్చక తప్పనపుడు, పాతదానికి వచ్చినవారిని కొత్తదానికి మళ్లించే సౌకర్యం వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. ఏయే మాటలు వెదికినవారికి తమ పేజీ కనబడిందో గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా చూపుతుంది. పంటకాలంలో పక్షానికొకసారి ఆ పట్టికను పరిశీలించి, అందులో కనిపించిన రైతుల మాటలను శీర్షికల్లోకి, ఉపశీర్షికల్లోకి తీసుకోవచ్చు.