చవక తుపాకి సమయానికి పేలుతుందా?

కేసముద్రం వ్యవసాయ మార్కెట్‌లో పసుపు, మిర్చి సీజన్ నడిచే రోజుల్లో లక్షల రూపాయలు చేతులు మారతాయి. పొద్దుగూకాక డబ్బు సంచితో బైకు మీద ఊరికి బయలుదేరే వ్యాపారికో, ఊరి చివర బావి దగ్గర ఒంటరిగా కాపురముండే రైతుకో ఒక పిస్తోలుంటే ధీమాగా ఉంటుందనిపించడం సహజం. ధీమా సంగతి తర్వాత చూద్దాం. ముందు ధర సంగతి.

2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ అనే రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటనను తలపించే పేరు, అర కిలోకు కాస్త అటూఇటూ బరువు, ఆరు తూటాలు. ధర రూ.1,22,360. ఏ మహిళల రక్షణ కోసమని చెప్పారో వారిలో ఎంతమంది అంత పెట్టగలరని అప్పట్లోనే చాలామంది నిలదీశారు. ఆ తర్వాత ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ‘నిడర్’ పేరుతో దాదాపు రూ.35 వేలలో పావుకిలో బరువుండే .22 రివాల్వర్‌ను ప్రకటించింది. 2023 ఆగస్టులో కాన్పూర్ నుంచే ‘ప్రబల్’ వచ్చింది. దాని ధర మళ్లీ లక్ష దాటింది. అమెరికాలో ఒక మోస్తరు కొత్త పిస్తోలు నాలుగైదు వందల డాలర్లకు, బాగా చవక రకం రెండు వందల లోపే దొరుకుతుంది. మన దేశంలో చట్టబద్ధంగా దొరికే చేతి తుపాకుల్లో నిజంగా చవకైనవి లేవనే చెప్పాలి.

చవకగా దొరికేది తపంచా. పత్రికల్లో ‘కంట్రీమేడ్ పిస్టల్’ అని కనిపించేది కూడా చాలాసార్లు ఇదే. బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌ల నుంచి రైళ్లలో సంచుల అడుగున దాచి తెస్తుంటే పట్టుబడ్డ వార్తలు తెలుగు పాఠకులకు కొత్తకాదు. బిహార్‌లోని ముంగేర్‌కు ఈ విద్యలో పాత చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో బెంగాల్ నవాబు మీర్ కాసిం రాజధానిని అక్కడికి మార్చి ఆయుధాల కార్ఖానా పెట్టించాడు. ఆ పనితనం తరాలుగా దిగి, కొంత లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీల్లోకి, కొంత దొంగచాటు కొలుముల్లోకి చేరింది.

తపంచా ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని పట్టుకునే చెయ్యి వణకాలి. గొట్టం కోసం పాత వాహనం స్టీరింగు రాడ్డునో, నీళ్ల పైపునో కోస్తారు. మంచి తుపాకి గొట్టం లోపల మెలికలు తిరిగే గాళ్లు ఉంటాయి. తూటా గిర్రున తిరుగుతూ నేరుగా పోయేది వాటివల్లే. తపంచా గొట్టానికి అవి ఉండవు, కాబట్టి నాలుగడుగుల దూరం దాటితే గుండు ఎటు పోతుందో కాల్చినవాడికీ తెలియదు. పిన్ను స్థానంలో చాలాసార్లు సానబట్టిన మేకు ఉంటుంది. స్ప్రింగు మెత్తబడిందా, పిన్ను తూటా వెనుకభాగాన్ని గట్టిగా కొట్టదు. ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’ మంటుంది, అంతే. ఒకటి పేలాక గొట్టం వంచి, ఖాళీ గుల్ల లాగి, మరో తూటా పెట్టాలి. ఎదుటివాడు అంతసేపు ఆగడు.

అసలు ప్రమాదం పేలనప్పటి కంటే పేలినప్పుడే ఎక్కువ. చాలా తపంచాల్లో వాడేది .315 తూటా. అది రైఫిల్ తూటా. రివాల్వర్ తూటాతో పోలిస్తే దాని లోపల పుట్టే పీడనం చాలా ఎక్కువ. ఉక్కు గుణమేమిటో తెలియని పైపు, వదులుగా మూతపడే వెనుకభాగం ఆ పీడనానికి ఆగకపోతే గొట్టం పగిలి వేళ్లు పోతాయి. వెనక నుంచి ఎగసిన వేడి వాయువు కళ్లనూ పోగొట్టవచ్చు. ఫ్యాక్టరీలో తయారైన తుపాకి ఇలా బజారుకు రాదు. మామూలు తూటా కంటే ఎక్కువ పీడనమిచ్చే తూటాను ముందే పేల్చి, తట్టుకుందని తేలాకే దానిపై ముద్ర కొడతారు. ఇది మన దేశంలో తప్పనిసరి. తపంచాను మొదటిసారి పరీక్షించేది దాన్ని కొన్నవాడే.

చట్టం దెబ్బ వేరే ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019 డిసెంబరులో సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. తయారు చేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఆత్మరక్షణ కోసమే పెట్టుకున్నానన్న మాట ఈ కేసు నుంచి కాపాడదు. దొంగ చేతిలో దెబ్బ తినకుండా బయటపడ్డ మనిషి, అదే ఆయుధం వల్ల జైలుకు పోవచ్చు.

‘చవక తుపాకి నమ్మకమైనదేనా’ అన్న ప్రశ్నకు పుట్టిల్లు మాత్రం అమెరికా. అక్కడ ఇది చట్టబద్ధమైన బజారు ప్రశ్న. 1968లో అమెరికా తెచ్చిన చట్టం విదేశాల నుంచి వచ్చే నాసిరకం చిన్న పిస్తోళ్లకు అడ్డుకట్ట వేసింది. దేశంలో తయారీకి మాత్రం ఆ నిబంధనలు వర్తించలేదు. ఆ సందులోంచి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల రేవెన్, లోర్సిన్, డేవిస్, బ్రైకో లాంటి కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఉక్కును చెక్కే ఖర్చు లేకుండా జింకు మిశ్రమ లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసి, జేబులో పట్టే పిస్తోళ్లు లక్షల్లో తీశాయి. ఇంటికి కాపలాగా పేదవాళ్లు కొన్నవీ అవే, దొంగలు వాడినవీ అవే.

బ్రైకో కథ కోర్టులో తేలింది. 1994లో కాలిఫోర్నియాలో ఇంట్లో ఉన్న బ్రైకో పిస్తోలులోంచి తూటా తీసేయబోతుంటే అది పేలి ఏడేళ్ల పిల్లవాడికి మెడ కింద నుంచి శరీరం చచ్చుబడింది. ఆ పిస్తోలులో తూటా తియ్యాలంటే ముందు సేఫ్టీ మీటను వదలాలి. ప్రమాదం జరక్కుండా చూడాల్సిన మీటను సరిగ్గా ప్రమాదం పొంచి ఉన్న క్షణంలో వదలాల్సి రావడం విడ్డూరమే. తూటాలు ఇరుక్కుపోయే లోపాన్ని కప్పిపుచ్చడానికే ఆ ఏర్పాటు మార్చారని పిల్లవాడి తరఫు న్యాయవాదులు వాదించారు. 2003లో జ్యూరీ కంపెనీ, దాని అధిపతి వాటాగా దాదాపు 2.4 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చడంతో కంపెనీ దివాలా తీసింది. ఆస్తులను వేలంలో కొన్నది అందులోనే పనిచేసిన ఉద్యోగి. అదే తరహా పిస్తోళ్లు కొత్త పేరుతో మళ్లీ బజారుకొచ్చాయి.

అయితే ధర తక్కువైతే సరుకు తుక్కే అనుకోవడమూ తొందరపాటే. ఒహాయోలో తయారయ్యే హైపాయింట్ పిస్తోలు కూడా జింకు మిశ్రమందే, ధరా అట్టడుగు మెట్టే. చూడ్డానికి మొరటు, చేతిలో ఇటుక బరువు. పేలినప్పుడు పైభాగాన్ని కాసేపు బిగించి ఉంచే యంత్రాంగం అందులో లేదు. ఆ పనిని పైభాగపు బరువుతోనే చేయించారు, అందుకే ఆ భారం. దాన్ని వెక్కిరించే తుపాకి ప్రియులు కూడా పేలుతుందని మాత్రం ఒప్పుకుంటారు. కంపెనీ జీవితకాలపు వారంటీ ఇస్తుంది. మరోవైపు పేరున్న బ్రెజిల్ కంపెనీ టారస్ తయారుచేసిన దాదాపు పది లక్షల పిస్తోళ్లు కింద పడితే పేలవచ్చన్న వ్యాజ్యం 2015లో రాజీకి వచ్చింది. అమెరికా సైన్యం ఎంచుకున్న ఖరీదైన సిగ్ సావర్ పీ320 సంగతీ అంతే. కింద పడితే పేలుతోందని తేలాక, 2017లో కంపెనీ మార్పులు చేసివ్వాల్సి వచ్చింది.

ధర చూసి చెప్పలేనిది పరీక్ష చెబుతుంది. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి చేతి తుపాకులకు ఒక కొలత పెట్టింది. 600 తూటాలు కాల్చాలి, ఆరుసార్లకు మించి మొరాయించకూడదు. మీటరు ఎత్తు నుంచి పడేస్తే పేలకూడదు. ఈ పరీక్ష మొదలయ్యాక అచ్చుపోత పిస్తోళ్లలో చాలా రకాలకు ఆ రాష్ట్రంలో చోటు లేకుండా పోయింది.

చవక తుపాకులన్నిటిలోకి విచిత్రమైనది రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టింది. 1942లో అమెరికా ప్రభుత్వం జనరల్ మోటార్స్ వారి విభాగంతో రేకులు మడిచి పది లక్షల పిస్తోళ్లు చేయించింది. పేరు లిబరేటర్, ఒక్కోదానికి అయిన ఖర్చు రెండు డాలర్ల పైచిలుకు. ఒక్క తూటానే పడుతుంది. కాల్చాక ఖాళీ గుల్లను కర్రపుల్లతో పొడిచి తోయాలి. శత్రు ఆక్రమణలో ఉన్న దేశాల్లో తిరుగుబాటుదారులకు పంచాలని ఆలోచన. ఒంటరి సైనికుడి దగ్గరికి చేరి, దీనితో కాల్చి, అతని మంచి తుపాకి లాక్కోవడం దీని ప్రయోజనం. చవక ఆయుధం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తయారుచేసినవాళ్లకే ఇంత స్పష్టంగా తెలిసిన సందర్భం ఇంకోటి కనబడదు.

అమెరికాలోని తెలుగువారికి ఇది పుస్తకాల్లో చదివే చర్చ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను జాతి విద్వేషంతో కాల్చి చంపారు. ఆయన మిత్రుడు అలోక్ మాడసాని గాయపడ్డారు. దుండగుడిని ఆపబోయిన స్థానికుడు ఇయాన్ గ్రిల్లాట్ ఒక్కొక్క పేలుడూ లెక్కపెట్టి, తూటాలు అయిపోయాయనుకుని మీదికి ఉరికారు. లెక్క తప్పింది, ఆయనకూ తూటా తగిలింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అక్కడి మనవాళ్ల ఇళ్లలో తుపాకి కొందామా అన్న మాట లేస్తుంది. మరో వైపు, 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న హైదరాబాద్ యువకుడు తాను కొన్న వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అక్కడ తుపాకి చేయాల్సిన పని చేసింది. లోపలి తూటా సంగతే చూసుకోలేకపోయాడు.

మళ్లీ మన లైసెన్సు తుపాకి దగ్గరికి వద్దాం. 21 ఏళ్లు నిండినవారు జిల్లాల్లో కలెక్టరుకు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరుకు దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ ఉంటుంది. ప్రాణభయానికి కారణం చూపాలి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం కావాలి. అన్నీ దాటి లైసెన్సు వచ్చినా పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం రకం మామూలు పౌరులకు నిషిద్ధం. ఎక్కువగా దొరికేది .32, .22. రెండూ 9 ఎంఎం కంటే బలహీనమైనవే. రివాల్వర్‌కు ఒక సౌలభ్యం ఉంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం తిరిగి పక్క తూటా ముందుకొస్తుంది. పిస్తోలులో ఇరుక్కుంటే రెండు చేతులతో పైభాగం లాగి వదలాలి. అది భయంలో చెయ్యాలంటే చేతికి అలవాటై ఉండాలి.

ఆ అలవాటు దగ్గరే చిక్కు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది, వాటి ధరా తక్కువ కాదు. సాధనకు రేంజి కావాలంటే హైదరాబాద్ లాంటి నగరాల వైపు చూడాల్సిందే. కొన్నాక నాలుగు తూటాలు కాల్చి, మిగతావి బీరువాలో ఏళ్లకేళ్లు చెమ్మకు వదిలేస్తే లక్షన్నర రివాల్వర్ కూడా నమ్మకం కోల్పోతుంది. 1983లో అమెరికా పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ ఒక లెక్క చెప్పారు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. శిక్షణ ఉన్న పోలీసు నడుముకున్న తుపాకి తీసి కాల్చడానికీ అంతే పడుతుంది. సీటు కింద డిక్కీలో గుడ్డ చుట్టి పెట్టుకున్న మనిషికి ఎంత పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

నాసిరకం ఆయుధంతో తమను తాము కాచుకున్నవాళ్లు తెలంగాణలో లేకపోలేదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి 1948లో రజాకార్ల దాడులను మొదట్లో తిప్పికొట్టింది. వాళ్ల దగ్గరున్నవి మందు దట్టించి పేల్చే నాటు తుపాకులు, వడిసెలలు. ఒకసారి కాలిస్తే మళ్లీ మందు కూరేదాకా ఆ తుపాకి ఉత్త కట్టెతో సమానం. అయినా వాటిని పట్టుకున్నవాళ్లు ఊరి బురుజు మీద ఉన్నారు, వంతులవారీగా కాపలా కాశారు, డప్పు మోగితే ఊరంతా కదిలింది. ఆగస్టు 27న నిజాం బలగాలు ఫిరంగితో వచ్చినప్పుడు ఆ బురుజు ఆగలేదు. వందకు అటూఇటూగా జనం చనిపోయారు. ఒంటరి మనిషి చేతిలో అవే నాటు తుపాకులు ఉంటే మొదటి దాడికే చాలేవి కావు.

కేసముద్రం వ్యాపారికి ఇంకో చిన్న చిక్కుంది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే బ్యాంకు గార్డుల్లాంటి మినహాయింపులు తప్ప, లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలని ఆదేశాలు వస్తాయి. 2023 నవంబరు 30న శాసనసభకు, 2024 మే 13న లోక్‌సభకు తెలంగాణలో పోలింగ్ జరిగింది. ఆ వారాల్లో నగదు సోదాలూ ముమ్మరంగా ఉంటాయి కాబట్టి, తుపాకి స్టేషన్ గదిలో ఉంటే యాభై వేలు దాటిన డబ్బు సంచికి లెక్క చూపించే కాగితాలు మాత్రం జేబులో ఉండి తీరాలి.