బానెట్‌ కింద వడగాలి.. పేరు మాత్రం ‘కోల్డ్‌ ఎయిర్‌’

శక్తి కోసం కార్లకు కొత్త గొట్టాలు
శబ్దం పెరిగినంతగా పెరగని సత్తువ
గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న

పిడుగురాళ్ల: వేసవి వచ్చిందంటే పల్నాడులో మనుషులతో పాటు యంత్రాలూ గాలికి అల్లాడతాయి. ఆ రోజుల్లో రెంటచింతల పేరు పత్రికల్లో కనిపించని ఉదయం అరుదు. అంతటి ఎండల్లో అద్దంకి-నార్కెట్‌పల్లి రహదారిపై తిరిగే కొన్ని కార్ల బానెట్‌ ఎత్తి చూస్తే ఒక మార్పు కనిపిస్తుంది. కంపెనీ అమర్చిన నల్లటి ప్లాస్టిక్‌ పెట్టె అక్కడ ఉండదు. దాని స్థానంలో మెరిసే అల్యూమినియం గొట్టం, చివర ఎర్రటి శంఖాకారపు ఫిల్టర్‌ దర్శనమిస్తాయి. యువకులు ముచ్చటపడి బిగించుకుంటున్న ఈ పరికరానికి కోల్డ్‌ ఎయిర్‌ ఇన్‌టేక్‌ అని పేరు. ఇంజిన్‌కు చల్లని గాలి అందుతుందని, దాంతో శక్తి పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని అమ్మేవారు చెబుతుంటారు. వందల రూపాయల్లో దొరికే నాసిరకం మొదలు వేలల్లో పలికే విదేశీ కిట్ల వరకు ఇందులో ఎన్నో రకాలు. వాయిదాలపై కారు కొనుక్కుని, ఆ వాయిదాలు తీరకముందే దీనిపై డబ్బు పోస్తున్నవారూ ఉన్నారు. ఇంతకీ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి నిజంగా చల్లబడుతోందా? చాలా సందర్భాల్లో లేదు సరికదా, మరింత వేడెక్కుతోంది.

గాలికీ బరువుంది

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఇంజిన్‌కు కావలసింది నిజానికి గాలి పరిమాణం కాదు, అందులోని ఆక్సిజన్‌. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచబడుతుంది. సముద్రమట్టం వద్ద 25 డిగ్రీల సెల్సియస్‌ ఉష్ణోగ్రతలో ఘనపు మీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీలకు అది 1.11 కిలోలకు, 65 డిగ్రీలకు 1.04 కిలోలకు దిగిపోతుంది. సిలిండర్‌ పరిమాణం మాత్రం మారదు. అంటే అదే గుక్కలో ఇంజిన్‌ పీల్చే ఆక్సిజన్‌ తగ్గుతుంది. దానికి తగినట్టే ఇంధనం, శక్తి కూడా తగ్గుతాయి.

చల్లని గాలి మేలు చేస్తుందన్న మాట ఇంతవరకు నిజమే. అయితే ఎంత మేలు చేస్తుందన్న చోటే అతిశయోక్తి మొదలవుతుంది. గాలి సాంద్రత 10 డిగ్రీలకు సుమారు 3 శాతం మారుతుంది. శక్తి మాత్రం అంతగా మారదు. ఎందుకంటే లోపలికి వెళ్లే దారిలో గాలి ఎలాగూ ఇంజిన్‌ గోడలను తాకి కొంత వేడెక్కుతుంది. అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ రూపొందించిన జె1349 ప్రమాణంలో ఇంజిన్‌ శక్తిని 25 డిగ్రీల గాలికి సరిచేసి లెక్కిస్తారు. ఆ లెక్కలో ఉష్ణోగ్రత ప్రభావాన్ని వర్గమూలంగానే తీసుకుంటారు. దాని ప్రకారం టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌లో 10 డిగ్రీల తేడాకు శక్తిలో వచ్చే మార్పు ఒకటిన్నర శాతం పైచిలుకు. 85 హార్స్‌పవర్‌ కారులో అది ఒకటి, ఒకటిన్నర హార్స్‌పవర్‌. స్టీరింగ్‌ పట్టుకున్న మనిషికి ఆ తేడా తెలియదు.

దీనికి మరో కోణం కూడా ఉంది. లోనికి వచ్చే గాలి బాగా వేడిగా ఉంటే పెట్రోలు మిశ్రమం సమయానికి ముందే తనంతట తాను మండి ‘నాకింగ్‌’కు దారితీస్తుంది. దీన్ని నివారించేందుకు కారులోని కంప్యూటర్‌ స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది. ఫలితంగా సాంద్రత వల్ల పోయిన శక్తికి తోడు ఇంకొంత పోతుంది. మండుటెండలో, ఏసీ వేసుకుని, నలుగురితో ఘాట్‌ ఎక్కేటప్పుడు కారు నీరసించినట్టు అనిపించడానికి ఇదొక కారణం.

పాత పెట్టె తెలివైనదే

కంపెనీ అమర్చిన ప్లాస్టిక్‌ పెట్టెను చాలామంది చులకనగా చూస్తారు. దాని నుంచి బయలుదేరే గొట్టం ఎక్కడికి వెళుతుందో గమనించినవారు తక్కువ. నేటి కార్లలో అత్యధికం ఆ గొట్టం మూతిని ముందు గ్రిల్‌ వెనుకో, హెడ్‌లైటు పక్కనో, మడ్‌గార్డు లోపలో తెరుస్తాయి. అంటే రేడియేటర్‌ వేడి తగలకముందే బయటి గాలిని పట్టుకుంటాయి. ఆ నల్లటి ప్లాస్టిక్‌ కూడా చవక కోసం మాత్రమే పెట్టింది కాదు. లోహంతో పోలిస్తే అది వేడిని చాలా తక్కువగా లోనికి పంపుతుంది. నిజం చెప్పాలంటే కంపెనీ ఇచ్చినదే అసలైన కోల్డ్‌ ఎయిర్‌ ఇన్‌టేక్‌!

గాలి ఎక్కడి నుంచి తీసుకోవాలన్న విషయంలో యంత్రాలు తయారుచేసేవారి శ్రద్ధ మన పొలాల్లోనే చూడొచ్చు. ట్రాక్టర్‌ బానెట్‌పై నిటారుగా నిలబడి, తలపై టోపీ పెట్టుకున్నట్టు కనిపించే గొట్టం పనీ అదే. దమ్ము చేసేటప్పుడు, దుక్కి దున్నేటప్పుడు చక్రాల దగ్గర లేచే దుమ్మును, బురదను తప్పించుకుని పైనుంచి గాలి పీల్చేందుకే దానిని అంత ఎత్తున పెట్టారు. మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లే లారీల్లో క్యాబిన్‌ వెనుక ఎత్తుగా కనిపించే గొట్టానిదీ అదే పని. కార్బురేటర్ల కాలంలో కొన్ని కార్లకు వేసవిలో బయటి గాలి, చలికాలంలో సైలెన్సర్‌ మానిఫోల్డ్‌ దగ్గరి వెచ్చని గాలి తీసుకునే ఏర్పాటు కూడా ఉండేది. మంచు కురిసే దేశాల్లో కార్బురేటర్‌ గడ్డకట్టకుండా అదొక జాగ్రత్త. మన ఎండలకు ఆ అవసరం లేదనుకోండి.

ఇప్పుడు ఆ పెట్టెను తీసేసి శంఖాకారపు ఫిల్టర్‌ను నేరుగా బానెట్‌ కిందే బిగిస్తే ఏమవుతుంది? అది పీల్చేది రేడియేటర్‌ ఫ్యాన్‌ వెనక్కి నెట్టిన గాలిని, సైలెన్సర్‌ మానిఫోల్డ్‌ చుట్టూ మరిగిన గాలిని. బజారులో అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం ఈ పొట్టి గొట్టాలే. వీటిని విదేశాల్లో ‘షార్ట్‌ రామ్‌’ అంటారు. మన దగ్గర అన్నింటినీ కలిపి కోల్డ్‌ ఎయిర్‌ అనే పిలుస్తున్నారు. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే, తెరిచి ఉన్న ఫిల్టర్‌ పీల్చే గాలి 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అదే సమయంలో మూసిన పెట్టె ఉన్న కారులోనూ ఉష్ణోగ్రత పెరుగుతుంది. కానీ గేటు ఎత్తి బండి కదిలిన కాసేపటికే బయటి గాలి అందుకుని దిగివస్తుంది. తెరిచిన ఫిల్టర్‌ విషయంలో బానెట్‌ కింది వేడంతా చల్లారితే తప్ప దిగదు.

మెరిసే గొట్టం సంగతి

అల్యూమినియం గొట్టం వేడెక్కి గాలిని కాల్చేస్తుందన్న వాదన ఒకటి ఉంది. ఇందులో సగమే నిజం. 1.2 లీటర్ల ఇంజిన్‌ 3 వేల ఆర్‌పీఎం వద్ద, యాక్సిలరేటర్‌ బాగా తొక్కినప్పుడు నిమిషానికి 1400 లీటర్ల వరకు గాలి పీలుస్తుంది. ఆ వేగంలో రెండడుగుల గొట్టాన్ని గాలి సెకనులో పదో వంతు కూడా పట్టకుండా దాటేస్తుంది. వేడెక్కేందుకు దానికి వ్యవధి ఉండదు. ఆగి ఉన్న బండిలో మాత్రం గాలి నెమ్మదిగా కదులుతుంది, గొట్టం వేడి దానికి అంటుకుంటుంది. కాబట్టి గొట్టం దేనితో చేశారన్నది రెండో విషయం. దాని మూతి ఎక్కడ తెరుచుకుందన్నదే మొదటిది.

సరిగా చేసిన కిట్లు లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1969లో మొదలైన కె అండ్‌ ఎన్‌ వంటి సంస్థలు నూనె పట్టించిన నూలు ఫిల్టర్లకు ప్రపంచమంతటా పేరు తెచ్చాయి. వీటిలో మంచి రకాల్లో ఫిల్టర్‌ చుట్టూ వేడిని ఆపే పెట్టె, బానెట్‌ మూసినప్పుడు సందు లేకుండా చేసే రబ్బరు పట్టీ ఉంటాయి. పెద్ద ఇంజిన్లలో, పూర్తిగా తొక్కినప్పుడు, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర వీటి వల్ల కొంత లాభం ఉంటుంది. ఆ లాభంలోనూ గాలి చల్లబడటం కన్నా, దారి సులువు కావడం పాలే ఎక్కువ కావచ్చు. అదే కాలిఫోర్నియాలో ఇలాంటి కిట్లను రోడ్డుపై తిరిగే వాహనాలకు అమ్మాలంటే ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి ఉత్తర్వు సంఖ్య తప్పనిసరి. మన అంగళ్లలో అటువంటి ముద్ర కోసం వెతకడం వృథా.

మైలేజీ మాట నమ్మవద్దు

ఇంజిన్‌లోకి చల్లని గాలి వెళితే మైలేజీ పెరుగుతుందన్నది అన్నింటికన్నా బలహీనమైన వాదన. పెట్రోలు కారు మామూలు వేగంతో వెళ్లేటప్పుడు దాని గాలి ద్వారం సగం కూడా తెరిచి ఉండదు. గాలి చిక్కబడితే ద్వారాన్ని ఇంకాస్త మూయాల్సి వస్తుంది తప్ప ఇంధనం మిగలదు. అమెరికాలోని ఓక్‌ రిడ్జ్‌ జాతీయ ప్రయోగశాల 2009లో ఇదే తరహా పరీక్ష చేసింది. ఆధునిక ఇంధన ఇంజెక్షన్‌ కార్లలో ఫిల్టర్‌ బాగా మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని, వేగం అందుకోవడంలో మాత్రం వెనకబడ్డాయని తేల్చింది. మురికిపట్టిన ఫిల్టరే మైలేజీని తినలేదంటే, కొత్త గొట్టం మైలేజీని ఎక్కడి నుంచి తెస్తుంది?

మరి బిగించుకున్నవారు బండి దూకుతోందని ఎందుకంటారు? పాత పెట్టె గాలి తీసే చప్పుడును అణచివేస్తుంది. అది పోగానే ఇంజిన్‌ గుర్రుమంటుంది. చెవి విన్నది కాలికి పాకుతుంది, తెలియకుండానే గట్టిగా తొక్కుతారు.

టర్బో డీజిల్‌ వాహనాల కథ వేరు. ఇన్నోవా, స్కార్పియో, బొలెరో వంటి వాటిలో టర్బో గాలిని ఒత్తిడితో కుదిస్తుంది. గాలి పీడనం రెట్టింపైతే దాని ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీల మేర పెరగవచ్చు. ఆ వేడిని తీసేది ముందుండే ఇంటర్‌కూలర్‌. ఫిల్టర్‌ దగ్గర నాలుగైదు డిగ్రీలు ఆదా చేసేందుకు వేలు ఖర్చు చేసి, ఇంటర్‌కూలర్‌ రెక్కల్లో పేరుకున్న మట్టిని, పురుగులను పట్టించుకోకపోవడం మన దగ్గర మామూలే.

దుమ్ము, నీరు.. రెండూ శత్రువులే

పిడుగురాళ్ల పరిసరాల్లో సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు. గాలిలో ఎప్పుడూ సన్నని పొడి. నాసిరకం ఫిల్టర్‌ గుండా ఆ పొడి ఇంజిన్‌లోకి చేరితే పిస్టన్‌ రింగులు, సిలిండర్‌ గోడలు అరిగిపోతాయి. నూలు ఫిల్టర్‌ను శుభ్రం చేశాక నూనె ఎక్కువ పట్టిస్తే, అది గాలిని కొలిచే సన్నని వేడి తీగపై పేరుకుని సెన్సర్‌ తప్పుడు లెక్క చెప్పే ప్రమాదం ఉంది. గొట్టం వ్యాసం మారినా ఆ లెక్క తప్పుతుంది. పైగా ఇంజిన్‌ దెబ్బతిన్నప్పుడు, ఈ మార్పే కారణమని తేలితే కంపెనీ వారంటీ నిరాకరిస్తుంది.

బానెట్‌ వేడిని తప్పించాలని కొందరు ఫిల్టర్‌ను బంపర్‌ అడుగున బిగిస్తారు. అక్కడ గాలి చల్లగానే ఉంటుంది. కానీ వర్షాకాలంలో వాగు దాటేటప్పుడు అదే మూతి నీటిని పీలుస్తుంది. గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకోదు. సిలిండర్‌లో నీరు చేరిన మరుక్షణం కనెక్టింగ్‌ రాడ్డు వంగిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. ఇంజిన్‌కు నీరు చేరడం అంటే ఏమిటో ఆ యజమానులకు వేరే చెప్పనక్కర్లేదు. సాధారణ బీమా పాలసీలో ఇంజిన్‌ రక్షణ కోసం అదనపు కవరు తీసుకోకపోతే ఇటువంటి నష్టానికి పరిహారం దక్కడం కష్టం.

కొలిచి చూడండి

సందేహం ఉన్నవారు ఎవరి మాటా వినక్కర్లేదు. దేశంలో 2013 ఏప్రిల్‌ తర్వాత బీఎస్‌-4 ప్రమాణాలతో వచ్చిన కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ-2 సాకెట్‌ ఉంటుంది. దానికి చిన్న రీడర్‌ తగిలిస్తే లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తుంది. మొదట పాత పెట్టెతో పది నిమిషాలు బండి ఆపి ఇంజిన్‌ నడపాలి, ఆ తరువాత 60 కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలు వెళ్లాలి. రెండుసార్లూ బయటి ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి. కొత్త గొట్టం బిగించాక అదే వేళలో, అదే దారిలో మళ్లీ చూడాలి. బయటి గాలికీ, లోపలి గాలికీ మధ్య ఉన్న తేడానే లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని కార్లలో సెన్సర్‌ ఫిల్టర్‌ దగ్గర, మరికొన్నింటిలో ఇంజిన్‌ మానిఫోల్డ్‌ మీద ఉంటుంది కనుక ఒకరి కారు అంకెను మరొకరి కారు అంకెతో పోల్చకూడదు. సెన్సర్‌ను కొత్త గొట్టంలో వేరే చోటికి మార్చి ఉంటే ఆ పోలికా చెల్లదు.

అంత ఓపిక లేనివారు బానెట్‌ ఎత్తి ఒక్కసారి పాత గొట్టాన్నే పరిశీలించుకోవడం మంచిది. ముందు భాగం దెబ్బతిని డెంటింగ్‌ చేయించిన కార్లలో, హెడ్‌లైటు మార్చిన కార్లలో ఆ మూతి గొట్టాన్ని తిరిగి బిగించడం మరచిపోయే అవకాశం ఉంది. అది లేకపోతే కంపెనీ పెట్టె కూడా బానెట్‌ కింది వేడిగాలినే పీలుస్తుంది. పెట్టె మూత క్లిప్పులు నాలుగూ పడ్డాయా, రబ్బరు గొట్టం పగిలిందా, రేడియేటర్‌ పక్కన ఉండాల్సిన ప్లాస్టిక్‌ అడ్డులు ఉన్నాయా అన్నది చూసుకోవాలి. కాగితపు ఫిల్టర్‌ను సర్వీసు పుస్తకంలో చెప్పిన గడువుకు, మన దుమ్ములో అయితే అంతకన్నా ముందే మార్చాలి. మూతి గొట్టం విడిగానూ దొరుకుతుంది, బిగించేందుకు పావుగంట చాలు.